38 సిసి చైన్ సాతో (పెట్రోలు రంపంతో) నెల రోజుల కుస్తీ (నా అనుభవం)

డిసెంబర్ 10, ఆదివారం పొద్దున. తొమ్మిది అంగుళాల సరుగుడు దుంగ ఒక్కటంటే ఒక్క కోత కోయడానికి నాకు 52 సెకన్లు పట్టింది. ఫోన్‌లో టైమర్ పెట్టి మరీ చూశాను. సగం కోతలో బార్ (చైన్ చుట్టూ తిరిగే పొడవాటి ఇనుప పట్టీ) దగ్గర పొగ లేచింది, పొట్టు ముక్కుపొడుంలా సన్నగా రాలింది, మిషన్ మీద నా ఒళ్లంతా వేసి నొక్కితే తప్ప లోపలికి దిగలేదు. పక్కన గొడ్డలి పట్టుకుని నిలబడ్డ మా నాన్న ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే ఆయన అనే పద్ధతి.

మాది చీరాల దగ్గర ఊరు. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా ఎకరంన్నర సరుగుడు తోటలో 60కి పైగా చెట్లు ఒకదాని మీద ఒకటి పడిపోయాయి. దొడ్లో వేపచెట్టు గేదెల పాక మీదికి ఒరిగింది. చెట్లు కోసే ముఠాలన్నీ రోడ్ల మీద పడ్డవి తీసే పనిలో ఉన్నాయి, మా వంతు వచ్చేసరికి పది పన్నెండు రోజులన్నారు, చెట్టుకి 400 అడిగారు. మూడేళ్ల కిందట ఆన్‌లైన్‌లో 6,200 పెట్టి కొన్న చైన్ సా ఒకటి అటక మీద ఉంది. 38 సిసి అని పెట్టె మీద రాసి ఉంటుంది, లోపల పుస్తకంలో 37.2 అని ఉంటుంది, 16 అంగుళాల బార్. కొన్న కొత్తలో కొబ్బరి మొద్దులు రెండు కోసి పెట్టేశాను. సరే, మనకి మిషన్ ఉందిగా, ఆదివారాలు వచ్చి మనమే కోసుకుందాం, సంక్రాంతికల్లా తోట ఖాళీ అయిపోతుంది అని నాన్నతో గొప్పగా చెప్పింది నేనే. నేను ఒంగోల్లో ప్రైవేట్ ఉద్యోగం చేస్తాను, శనివారం రాత్రికి గానీ ఊరు చేరను.

ఆ ఆదివారం సాయంత్రానికి నాలుగు చెట్లయ్యాయి. బస్సులో తిరిగి వెళ్తూ ఒకటే ఆలోచన, ఈ మిషన్‌కి బలం చాలట్లేదు. ఇక్కడే నేను తప్పులో కాలేశాను. రాత్రి ఒంటిగంట దాకా వీడియోలు చూశాను, అందరూ ఒకటే మాట, చిన్న చైన్ సాలకి సైలెన్సర్ గొంతు నొక్కేసి ఇస్తారు, దాన్ని తెరిస్తే ఇంజిన్ ఊపిరి పీల్చుకుంటుంది అని. కొందరు సిలిండర్ కింద గాస్కెట్ తీసేసి కంప్రెషన్ పెంచుతున్నారు, ఇంకొందరు ఫ్లైవీల్ తాళం అరగదీసి టైమింగ్ ముందుకి జరుపుతున్నారు. ఆ రెండిటి జోలికి పోయే ధైర్యం లేదు. సైలెన్సర్ మాత్రం రెండు బోల్టుల పని. ఆ రాత్రే ఫుల్ చిజిల్ అనే పదునైన రకం చైన్ ఒకటి (780), స్పార్క్ ప్లగ్ వైరుకి చుట్టే చిన్న టాకోమీటర్ (ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపించేది) ఒకటి (650) ఆర్డర్ పెట్టేశాను. అప్పటిదాకా పాత చైన్ పదును ఎలా ఉందో వేలితో తడిమి కూడా చూడలేదు. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది గానీ జరిగింది అదే.

డిసెంబర్ 16, శనివారం సెలవు పెట్టి చీరాల్లో స్ప్రేయర్లు బాగుచేసే మెకానిక్ దగ్గరికి పట్టుకెళ్లాను. కుర్రాడు మంచివాడు. సైలెన్సర్ విప్పి లోపలికి టార్చి వేసి చూపించాడు. బయటికి వచ్చే దారి పెన్సిల్ పట్టేంత ఉంది, ఎనిమిది మిల్లీమీటర్లు, దానికి అడ్డంగా సన్నటి జాలీ. "అన్నా, బెజ్జం పెట్టడం పెద్ద పని కాదు, కానీ గాలి ఎక్కువ లాగితే పెట్రోలు కూడా ఎక్కువ ఇవ్వాలి, లేకపోతే పిస్టన్ పట్టేస్తది" అన్నాడు. సరే సరే అన్నాను. నిజానికి వినలేదు. పక్కనే లేత్ షాపులో అదే సైజు బెజ్జాలు ఇంకో రెండు పెట్టించాను, 100 తీసుకున్నాడు. సైలెన్సర్‌ని మిషన్ నుంచి పూర్తిగా విప్పేసే డ్రిల్ చేయాలి, ఒక్క ఇనుప రజను సిలిండర్లోకి పోయినా కథ అయిపోతుంది. పాత గాస్కెట్ ఊడదీసేటప్పుడు చిరిగిపోతే కుర్రాడే గాస్కెట్ షీటు కత్తిరించి కొత్తది చేసిచ్చాడు. జాలీ ఎందుకులే అని నేనే తీసేశాను. దాని సంగతి తర్వాత వస్తుంది.

ఆదివారం తోటలో స్టార్ట్ చేస్తే ఆ శబ్దానికి పక్క చేలో కొంగలు లేచిపోయాయి. బుల్లెట్ బండి సౌండ్ వస్తుందనుకున్నాను, వచ్చింది మాత్రం తగరపు డబ్బాలో కందిరీగలు పోసినట్టు. ఫుల్ రేస్ ఇస్తే ఎక్కడికో వెళ్లిపోయింది, ఒక్క క్షణం గర్వంగా అనిపించింది కూడా. కోత మొదలుపెట్టాను. రెండో దుంగకి రేస్ వదిలేసినా ఇంజిన్ వెంటనే దిగట్లేదు, వదిలాక కూడా మూడు నాలుగు సెకన్లు అలా ఏడుస్తూనే ఉంటోంది. మూడో దుంగలో టప్ మని ఆగిపోయింది. తాడు లాగితే గట్టిగా ఉంది.

ఆ పావుగంట నాకు బాగా గుర్తు. పోయింది, ఆరువేలు పోయాయి, తుపాను చెట్లు పోయాయి, నాన్న దగ్గర మాట పోయింది. నీడలో పెట్టి చల్లారనిచ్చి ప్లగ్ విప్పితే కొన సున్నం పూసినట్టు తెల్లగా ఉంది. మామూలుగా పని చేసే ప్లగ్ బిస్కెట్ రంగులో ఉండాలి. పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ అయితే ఇలా తెల్లబడుతుంది. పెట్రోలుతోబాటే ఆయిల్ కూడా తక్కువ అందుతుంది కాబట్టి పిస్టన్ వేడెక్కి గోడకి రాసుకుంటుంది. సైలెన్సర్ మళ్లీ విప్పి, తాడు మెల్లగా లాగుతూ, ఎగ్జాస్ట్ రంధ్రంలోంచి టార్చి వేసి పిస్టన్ పక్కలు చూశాను. నిలువుగా సన్నటి గీత ఒకటి ఉంది, గోరు పెట్టి గీస్తే తగలట్లేదు. మిగతాదంతా నున్నగానే ఉంది. వీడియో కాల్‌లో చూపిస్తే "బతికిపోయారన్నా, ఇంకో రెండు నిమిషాలు నడిపుంటే కొత్త మిషనే" అన్నాడు మెకానిక్. ఆ రోజు ఇక ముట్టుకోలేదు. మూడు దుంగలు, అంతే ఆ వారం పని.

పార్సిళ్లు 21, గురువారం వచ్చాయి. క్రిస్మస్ సోమవారం పడింది కాబట్టి 23 నుంచి 25 దాకా మూడు రోజులు చేతిలో ఉన్నాయి. శనివారం పొద్దున్నే టాకోమీటర్ వైరు ప్లగ్ వైరుకి చుట్టి రేస్ ఇస్తే 26,000 చూపించింది! మిషన్ పుస్తకంలో గరిష్ఠం 12,000 అని ఉంది. చేతిలోంచి జారవిడిచినంత పని చేశాను. అరగంట తర్వాత అర్థమైంది, మీటర్ ఫోర్ స్ట్రోక్ సెట్టింగ్‌లో ఉంది. ఫోర్ స్ట్రోక్‌లో రెండు చుట్లకి ఒక స్పార్క్, మన టూ స్ట్రోక్‌లో చుట్టుకొకటి, అందుకని లెక్క రెట్టింపు చూపిస్తోంది. అంటే అసలు సంగతి 13,000. అది కూడా ఎక్కువే.

కార్బురేటర్ పక్కన హెచ్, ఎల్ అని రెండు చిన్న స్క్రూలుంటాయి. ఎల్ నెమ్మది రేసుకి, హెచ్ ఫుల్ రేసుకి. ఎడమకి తిప్పితే పెట్రోలు పెరుగుతుంది. హెచ్ పావు చుట్టు తెరిచాను, తర్వాత ఇంకొంచెం, ఇంకొంచెం. గాల్లో ఫుల్ రేస్ ఇచ్చినప్పుడు ఏడుపు ఆగి కొంచెం గరగరమన్న శబ్దం రావాలి, దుంగ మీద పెట్టగానే ఆ గరగర పోయి శుభ్రంగా లాగాలి. చెవితో పట్టుకోవడం మొదట్లో చేతకాలేదు, మీటర్ ఉండబట్టి సరిపోయింది. 11,500 దగ్గర ఆపాను. ప్లగ్ రంగు తిరిగింది, రేస్ వదిలితే వెంటనే దిగుతోంది. పెట్రోలు మాత్రం తాగుతోంది, ఇంతకుముందు ట్యాంకుకి వచ్చే పని ఇప్పుడు ముప్పావు వంతే వస్తోంది. లీటరు పెట్రోలులో 40 మిల్లీ టూటీ (టూ స్ట్రోక్) ఆయిల్ కలపడం, అది మార్చలేదు.

అదే దుంగ మీద టైమర్ పెట్టాను. 46 సెకన్లు.

నమ్మలేదు, మళ్లీ పెట్టాను. 47. రెండు వారాలు, ఒక చావు గండం, తగరపు డబ్బా సౌండ్, అన్నిటికీ కలిపి నాకు మిగిలింది ఆరు సెకన్లు.

ఉక్రోషంతో కొత్త ఫుల్ చిజిల్ చైన్ ఎక్కించాను. ఫుల్ చిజిల్ అంటే పంటి మూల గుండ్రంగా కాకుండా చతురస్రంగా, పదునుగా ఉంటుంది. 57 డ్రైవ్ లింకులు (బార్ గాడిలో కూర్చునే చైన్ అడుగు లింకులు) లెక్కపెట్టుకుని తెప్పించా కాబట్టి సరిగ్గా పట్టింది. మొదటి కోత 13 సెకన్లు! కోడిగుడ్డు పెంకుల్లాంటి పెచ్చులు ఎగిరి ప్యాంటు మీద పడుతున్నాయి. నాన్న కూడా ఒక అడుగు ముందుకొచ్చి చూశారు. నాలుగో దుంగకి 20 అయింది. ఏడో దుంగకి 41. మళ్లీ పొగ, మళ్లీ ముక్కుపొడుం. ఇంజిన్ అదే, ట్యూనింగ్ అదే, అరగంటలో ఏమైందో అర్థం కాలేదు.

అర్థమయ్యేలా చెప్పింది మేస్త్రి. క్రిస్మస్ రోజు మా పక్క తోటలో కోతకి ముఠా వచ్చింది, వాళ్ల పెద్దాయనకి అరవై ఉంటాయేమో, మేం తిప్పలు పడుతుంటే గట్టు మీద కూర్చుని బీడీ కాలుస్తూ చూస్తున్నాడు. చివరికి లేచి వచ్చి నా మిషన్ ముట్టుకోలేదు, దుంగని ముట్టుకున్నాడు. బెరడు మీద చెయ్యి రాసి నాకు చూపించాడు. అరచేతి నిండా ఇసుక. "బాబూ, ఇసకలో పడిన చెట్టు ఇది. తుపాను గాలికి ఇసక బెరడులోకి కొట్టుకుపోయింది. నువ్వు రంపాన్ని కర్ర మీద పెట్టట్లేదు, ఇసక మీద పెడుతున్నావు." వాళ్లు కోసే ప్రతిచోటా ముందు కత్తితో బెరడు జానెడు వెడల్పున చెక్కేసి, ఆ తెల్ల కర్ర మీద మిషన్ పెడుతున్నారు. అడుగున నేల తగలకుండా దుంగ కింద కర్రముక్క తోస్తున్నారు. ఫుల్ చిజిల్ పంటి ఆ చతురస్రపు మూలే మొదట చచ్చిపోతుందట, ఇసక నేలల్లో గుండ్రటి మూల పళ్లే ఓర్చుకుంటాయట. ఆయన భాషలో "మోటు పళ్లు". నేను 780 పెట్టి కొన్నది నాజూకు పళ్లు.

తర్వాత నా పాత చైన్ తీసి వెలుతురులో పెట్టి ఒక్కో పన్ను తిప్పి చూపించాడు. పదునైన అంచు వెలుతుర్లో కనపడదు, మొండి అంచు తెల్లగా గీతలా మెరుస్తుంది. నావి అన్నీ మెరుస్తున్నాయి. దీపావళి తోరణంలా ఉంది.

"ఆకురాయి ఉందా?" అన్నాడు. ఉంది, మిషన్ కొన్నప్పుడు హార్డ్‌వేర్ షాపులో అడిగితే 4.8 మిల్లీమీటర్లది ఇచ్చారు, మూడేళ్లుగా కవర్ కూడా విప్పలేదు. ఆయన దాన్ని పంటి మధ్యలో పెట్టి చూసి పక్కన పడేశాడు. మా చిన్న చైన్‌కి 4 మిల్లీమీటర్లది కావాలి. లావుది పెడితే పంటి లోపలి కొక్కెం సరిగ్గా రాదు, అంచు నిటారుగా మొండిగా నిలబడుతుంది. తన సంచిలోంచి సగం అరిగిన 4 ఒకటి తీసి, బార్‌ని వేప మొద్దులో రంపంతో చేసిన గాడిలో దిగగొట్టి (అదే వాళ్ల బెంచి వైస్) నా చేతికిచ్చాడు.

లోపలి నుంచి బయటికి మాత్రమే తొయ్యాలి, వెనక్కి లాగేటప్పుడు ఎత్తెయ్యాలి. పంటి పైన 30 డిగ్రీల గీత ఒకటి చెక్కి ఉంటుంది, ఆకురాయి ఆ గీతకి సమాంతరంగా పోవాలి. ఆకురాయి మందంలో ఐదో వంతు పంటి పైకి కనపడాలి. ఇవన్నీ వీడియోల్లోనూ ఉన్నాయి. వీడియోలో లేనిది ఏంటంటే, మొండి పంటి మీద ఆకురాయి జర్రున జారుతుంది, పదును పట్టడం మొదలవగానే చేతికి ఒక పట్టు తెలుస్తుంది, శబ్దం మారుతుంది, పళ్లెంలో బియ్యం గీకినట్టు. ఆ మార్పు కోసం వినమన్నాడాయన. మొదటి పంటికి పది తోపులు పట్టింది, నాలుగో పంటికల్లా ఆరు. మొత్తం 28 పళ్లు, పద్నాలుగు కుడివి, పద్నాలుగు ఎడమవి. ఎక్కడ మొదలుపెట్టానో మర్చిపోయి మూడు పళ్లు రెండుసార్లు తోశాను. మర్నాడు మా ఆవిడ గోళ్లరంగు అడిగి మొదటి పంటికి చుక్క పెట్టుకున్నాను, అప్పటి నుంచీ అదే నా గుర్తు. ఆ ఎర్ర చుక్క మీద ఇంట్లో వచ్చిన జోకులు ఇక్కడ వద్దు.

కుడిచేతి వాటం వల్ల ఒక వైపు పళ్లు ఎక్కువ అరుగుతాయని కూడా తెలిసింది. ఒక వైపు పొడుగు, ఒక వైపు పొట్టి అయితే కోత తిన్నగా దిగదు, వంకర తిరిగి మధ్యలో బార్ పట్టేసుకుంటుంది. అన్నిటికంటే పొట్టి పన్ను ఏదో వెతికి మిగతావన్నీ దాని కొలతకి దించాలి. నాకు గంటంబావు పట్టింది, ఎడమచేతి బొటనవేలు రెండుచోట్ల తెగింది. గ్లవ్స్ లేకుండా ఆకురాయి పట్టొద్దు, పదునెక్కిన పన్ను బ్లేడు లాంటిదే.

సాయంత్రం నాలుగున్నరకి బెరడు చెక్కి టైమర్ పెట్టాను. 21 సెకన్లు. అదే పాత చైన్! నేను పారేద్దామనుకున్న చైన్. ఖర్చు సున్నా, ఎందుకంటే ఆకురాయి కూడా మేస్త్రిదే. డబ్బులిస్తే తీసుకోలేదు, టీ తాగి వెళ్లాడు. మర్నాడే ఒంగోల్లో 4 మిల్లీమీటర్లవి మూడు కొన్నాను, ఒక్కోటి 140.

ఇక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ 21 చూశాక 15 చూడాలనిపిస్తుంది. మేస్త్రి వెళ్తూ వెళ్తూ "ముక్కులు కూడా కొంచెం దించుకో బాబూ" అన్నాడు. ప్రతి పంటి ముందూ చిన్న బొడిపె ఒకటి ఉంటుంది, రేకర్ అంటారు. పన్ను కర్రలోకి ఎంత లోతుకి దిగాలో అది కాపలా కాస్తుంది. పళ్లు అరిగేకొద్దీ పన్ను ఎత్తు తగ్గుతుంది గానీ బొడిపె అలాగే ఉండిపోతుంది, అప్పుడు ఎంత పదునున్నా పన్ను కర్రని అందుకోదు. పంటికీ బొడిపెకీ మధ్య తేడా 0.65 మిల్లీమీటర్లు ఉండాలి.

డిసెంబర్ 30 రాత్రి చదునైన ఆకురాయి తీసుకుని కూర్చున్నాను. కొలిచే సాధనం లేదు, కంటి లెక్కే. కొంచెం దించితే కొంచెం స్పీడు, ఎక్కువ దించితే ఎక్కువ స్పీడు అని నా లెక్క. ఆదివారం పొద్దున మిషన్ దుంగ మీద ఆనించగానే అది నా చేతుల్ని ముందుకి లాక్కుంది. కోయడం కాదు, కొరకడం. ఇంజిన్ గుక్క పట్టి ఆగడం, మళ్లీ లాగడం, 38 సిసికి అంత పెద్ద ముద్ద మింగే శక్తి ఎక్కడిది. మూడోసారి బార్ కొన పైభాగం వెనకున్న ఇంకో దుంగకి తగిలింది. మిషన్ లేచి నా ముఖం వైపు వచ్చింది. ఎడమచేతి మణికట్టు హ్యాండిల్ ముందున్న బ్రేక్ రెక్కకి తగిలి బ్రేక్ పడింది, చైన్ ఆగిపోయింది. ఎంతసేపు పట్టిందంటే, నాకు భయం వేసేలోపే అయిపోయింది. భయం తర్వాత వచ్చింది, కింద కూర్చున్నాక, మోకాళ్లు వణకడం మొదలయ్యాక. నాన్న వచ్చి స్విచ్ ఆపి, మిషన్ తీసుకెళ్లి పాకలో పెట్టి, "ఇవాళ్టికి చాలు, అన్నం తిందాం పద" అన్నారు. ఆ బ్రేక్ మూడేళ్లుగా పని చేస్తోందో లేదో నేను ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు స్టార్ట్ చేసిన ప్రతిసారీ ముందు బ్రేక్ పడుతోందా అని చూశాకే కోత.

బొడిపెలు దించడం తేలిక, మళ్లీ పెంచలేం. దారి ఒకటే, పళ్లనే అరగదీసి బొడిపెలకి దగ్గరగా తేవాలి. పంటి పైభాగం వెనక్కి ఏటవాలుగా ఉంటుంది కాబట్టి పన్ను పొట్టి అయ్యేకొద్దీ ఎత్తు కూడా తగ్గుతుంది. రెండు సాయంత్రాలు, ఒక్కో పంటికి పాతిక తోపులు. మెకానిక్ దగ్గర ఫీలర్ గేజ్ అడిగి తెచ్చుకున్నాను, మోటర్ సైకిళ్ల ట్యాపెట్ల గ్యాప్ చూసే రేకుల గుత్తి, అందులో 0.65 రేకు ఉంటుంది. రెండు పళ్ల మీద స్టీలు స్కేలు ఆనించి కింద బొడిపె మీద ఆ రేకు జారిస్తే చాలు. పాత చైన్‌కి సగం ఆయుష్షు అక్కడే ఖర్చయిపోయింది. జనవరి 6న టైమర్, 15 సెకన్లు. ముందుకి లాక్కోవడం లేదు, పెచ్చులు సమానంగా పడుతున్నాయి, మిషన్ సొంత బరువుకే దిగుతోంది.

మిగతావి చకచకా అయిపోయాయి. బార్ గాడిలో మూడేళ్ల మడ్డి ఉంది, హాక్సా బ్లేడుతో గీకితే ఆయిల్ కలిసిన పొట్టు ముద్దలుగా వచ్చింది, ఆయిల్ వచ్చే రంధ్రం పూర్తిగా మూసుకుపోయింది. పొగకి సగం కారణం అదే. అందరిలాగే నేనూ పాత ఇంజిన్ ఆయిల్ పోస్తున్నాను, అందులో నలుసులుంటాయి, ఇప్పుడు కొత్తది పోస్తున్నాను, ఖరీదైంది కాదు, మామూలు 20డబ్ల్యూ40. తెల్ల కాగితం మీద బార్ కొన పట్టుకుని రేస్ ఇస్తే నూనె గీత పడాలి, పడకపోతే కోత వద్దు. బార్ అంచులు లోపలికి వంగి పదునుగా మారితే ఆకురాయితో సమం చేసి, బార్ తిరగేసి పెట్టాను. తర్వాత 14 అంగుళాల బార్, దానికి 52 లింకుల మోటు పళ్ల చైన్, రెండూ కలిపి 1,650కి తెప్పించాను. మా సరుగుడు తొమ్మిది పది అంగుళాలకి మించదు, 16 ఎందుకసలు. టైమర్‌లో తేడా ఒక సెకనే కనపడింది గానీ సాయంత్రానికి నడుము నొప్పిలో తేడా చాలా ఉంది. ఫుల్ చిజిల్ చైన్ పదును పట్టి దాచాను, దొడ్లో పడిన వేపచెట్టు ఇసుకలో పడలేదు కదా, దానికి వాడితే వెన్నలా కోసింది.

జాలీ సంగతి. జనవరి 7 మధ్యాహ్నానికి తోటలో రాలిన సరుగుడు ఆకు బాగా ఎండిపోయింది. పెట్రోలు పోసుకోవడానికి మిషన్ ఆపి నేల మీద పెట్టి డబ్బా తెద్దామని వెళ్లాను. తిరిగి వచ్చేసరికి సైలెన్సర్ పక్కన అరచేతంత మేర ఆకు నల్లబడి పొగ వస్తోంది. చెప్పుతో తొక్కేశాను. జాలీ లేని సైలెన్సర్ నిప్పురవ్వలు కక్కుతోందో, లేక ఆ వేడికే అంటుకుందో తెలీదు, రెండూ నేను చేసినవే. ఆ బెజ్జాల్లోంచి వచ్చే వేడికి పక్కన ప్లాస్టిక్ మూత అంచు కూడా మెత్తబడి వంగింది. సోమవారం మెకానిక్ చేత ఒక బెజ్జం వెల్డింగ్ పెట్టించి మూయించాను, జాలీ మళ్లీ బిగించాను, హెచ్ స్క్రూ కాస్త వెనక్కి తిప్పుకున్నాను. 150 అయింది. ఇప్పుడు సైలెన్సర్‌కి అదనంగా ఉన్నది ఒక్క బెజ్జం, దానివల్ల వచ్చేది ఒకటిన్నర సెకను. మళ్లీ మొదటి నుంచీ మొదలుపెట్టమంటే దాని జోలికే పోను. చెవుల మఫ్‌లకి 350, కళ్లద్దాలకి 120 అదనం, ఆ సౌండ్ లేకపోతే మఫ్‌లు ఎప్పటికి కొనేవాణ్ణో.

మొత్తం లెక్క వేస్తే 4,300 దాటింది, అందులో టాకోమీటర్, ఫుల్ చిజిల్, లేత్, వెల్డింగ్, గాస్కెట్, రెండు కొత్త ప్లగ్గులు కలిపి దాదాపు 2,000, అది నా తొందరపాటుకి కట్టిన పన్ను. 52 సెకన్ల నుంచి 12న్నరకి వచ్చాను, ఆ తగ్గిన నలభైలో ముప్పై పైన ఇచ్చినవి 140 రూపాయల ఆకురాయి, అడిగి తెచ్చుకున్న రేకుల గుత్తి, ఒక బీడీ కాలేంత సేపు మేస్త్రి మాట.

జనవరి 14 భోగికి తోట పూర్తవలేదు, 11 చెట్లు మిగిలాయి. భోగి మంటకి మా వీధి పిల్లలు వచ్చి దుంగలు అడిగితే నాన్న "మా వాడు కోసినవే తీసుకెళ్లండి, అంచులు నున్నగా ఉంటాయి" అని ఏరి ఏరి ఇచ్చారు. మొదటి ఆదివారం కోసిన నాలుగు చెట్ల ముక్కలు వేరే కుప్పలో ఉన్నాయి, వాటి మొహాలు కాలి నల్లగా, వంకరగా. అవి కూడా వేయమంటే వద్దన్నారు, ఉండనీ అన్నారు, ఎందుకో చెప్పలేదు.

మిగిలిన 11 చెట్లూ నిన్న, జనవరి 21న అయిపోయాయి. పాత చైన్ పళ్లు ఇప్పుడు అగ్గిపుల్ల తలంత మిగిలాయి, ఇంకో రెండుసార్లు సాన పడితే అంతే. ఎర్ర చుక్క మాత్రం ఇంకా ఉంది.